తొమ్మిది వందల తొంభై ఏడో రోజు

కైకలూరు రోడ్డు మీద ఆ రొయ్యల ప్లాంటు గేటు పక్కన ఒక బోర్డు ఉంది. 'ప్రమాదం లేని రోజులు' అని రాసి, కింద అంకె వేస్తారు. ఆ మంగళవారం ఉదయం అంకె 997.

ఆ రోజే పదిన్నరకు, ప్యాకింగ్ హాల్లో క్రేటు ఎత్తబోయి సీతారామాంజనేయులు గారు ఎడమ చిటికెన వేలు కోసుకున్నారు. రెండు కుట్లు పడ్డాయి.

పదకొండున్నరకల్లా నర్సింగ్ హోమ్‌కి ముగ్గురు వచ్చారు. సూపర్‌వైజర్ శ్యామ్ సుందర్, రొయ్యలు వలిచే రాజకుమారి, ఐస్ క్రషర్ దగ్గర పనిచేసే అబ్బులు. డజను బత్తాయిలు తెచ్చారు. రెండు కుట్లకి డజను ఎక్కువే. కానీ వచ్చిన పని అలాంటిది.

రెండేళ్ల కిందట తాడేపల్లిగూడెంలో వర్తక సంఘం విందు జరిగింది. మైకు చేతికొచ్చిన ఊపులో ప్లాంటు యాజమాన్యం ఒక మాట అనేసింది. వెయ్యి రోజులు ఒక్క ప్రమాదమూ లేకుండా గడిస్తే, కాంట్రాక్టు మీదున్న ముప్పై ఎనిమిది మందినీ పర్మనెంట్ చేస్తామని. చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో వచ్చింది. పేపర్లో వచ్చాక మాట మింగడం కష్టం. వచ్చిన ముగ్గురూ ఆ ముప్పై ఎనిమిదిలోని వాళ్లే.

ఇన్ని రోజుల్లో ప్రమాదాలు జరగలేదని కాదు. ప్లాంటులో జరగలేదు. అన్నీ పనివాళ్ల ఇళ్లలో జరిగాయి. అబ్బులు రెండు వేళ్లు ఇంట్లో కొబ్బరి బొండం కొడుతుంటే పోయాయి. కుసుమ కాలు ఇంట్లో గంజి వారుస్తుంటే కాలింది. జోగారావు ఇంట్లో మెట్ల మీంచి పడ్డాడు. జోగారావు ఇంటికి మెట్లు లేవు.

మొదట్లో విదేశీ బయ్యర్లు బోర్డు చూస్తారని యాజమాన్యమే అలా రాయించేది. విందు తర్వాత ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఏవండీ, ఇంట్లో కూరలు తరుగుతుంటే తెగిందని రాసేద్దామండీ" అన్నాడు శ్యామ్ సుందర్.

"ఈయన కూరలు తరిగారంటే ఎవరు నమ్ముతారండీ?" అంది మంచం పక్కన కూర్చున్న ఆయన భార్య సత్యవాణి.

"నమ్మక్కర్లేదమ్మా. రాస్తే చాలు."

ఆంజనేయులు గారు కట్టు కట్టిన వేలు పైకెత్తారు. "అబద్ధం రాయడానికి వీల్లేదు. గేటు లోపల రక్తం కారింది. అది ప్రమాదమే. దానికో చట్టం ఉంది."

ఆ ప్లాంటు విషయంలో చట్టం అన్న మాట వినపడటం అదే మొదలు.

"ఇంతకీ ఆ క్రేటు మీరెందుకు ఎత్తారండీ? అది మీ పని కాదు కదండీ" అన్నాడు శ్యామ్ సుందర్.

"పని అన్నాక నాదీ నీదీ ఏమిటయ్యా. అందరం ఒకే కుటుంబం."

రాజకుమారి ముందుకు వచ్చింది. "పదకొండేళ్లయిందండీ నేను చేరి. ఇంకో మూడు రోజులండీ, శుక్రవారం దాకా. మొన్న ఆదివారం చర్చిలో సాక్ష్యం కూడా చెప్పేశానండీ, ఉద్యోగం పర్మనెంట్ అయిపోయిందని. ఇప్పుడు దేవుడికేం చెప్పమంటారు?"

"నిజం చెప్పమ్మా. ఆయనకీ అదే ఇష్టం."

అబ్బులు కుడిచెయ్యి చాపాడు. మూడు వేళ్లున్నాయి. "నాకు రెండు వేళ్లు పోయాయండీ. కొబ్బరి బొండం అని రాసి ఇస్తే ఎడం చేత్తో సంతకం పెట్టాను. మీకు రెండు కుట్లేనండీ."

"నువ్వు అప్పుడే గట్టిగా నిలబడాల్సిందయ్యా అబ్బులూ! మీరంతా నోరు మూసుకోబట్టే కదా ప్లాంటు ఇలా తయారైంది."

అబ్బులు నోరు మూసుకున్నాడు.

"ముప్పై ఎనిమిది కుటుంబాలండీ" అన్నాడు శ్యామ్ సుందర్. "పీఎఫ్ వస్తుందనీ, ఈఎస్ఐ వస్తుందనీ ఆశపెట్టుకున్నారు. పెద్దవారు, మీరు ఒక్క మాట అంటే అయిపోతుంది."

"కంగారెందుకయ్యా? రేపు సున్నా వేస్తారు, ఎల్లుండి ఒకటి వేస్తారు. అలా వేసుకుంటూ పోతే మళ్లీ వెయ్యి రాదూ? మనిషికి ఓపిక ఉండాలి."

"మూడేళ్లండీ" అంది రాజకుమారి.

"పదకొండేళ్లు ఆగినదానివి!"

ఆ తర్వాత ఆయన ప్రమాదాల రిజిస్టరు తెమ్మన్నారు. శ్యామ్ సుందర్ కదల్లేదు. తేకపోతే కార్మిక శాఖకి తనే ఫోన్ చేస్తానన్నారు. నంబరు ఫోన్లో ఉంది కూడా. ఉదయమే ఎక్కించుకున్నారట.

శ్యామ్ సుందర్ బండి మీద వెళ్లి రిజిస్టరు తెచ్చాడు. ప్లాంటు పెట్టినప్పుడు కొన్నది. అందులో ఒక్క అక్షరం లేదు. కొల్లేటి చెమ్మకి పేజీలు అంటుకుపోయాయి. సత్యవాణి హెయిర్‌పిన్‌తో మొదటి పేజీ విడదీసింది.

రాజకుమారి బత్తాయిల సంచి మళ్లీ చేతిలోకి తీసుకుంది.

ఆంజనేయులు గారు చెబుతుంటే శ్యామ్ సుందర్ ఒక్కొక్క గడీ నింపాడు. పేరు. వయసు, అరవై రెండు. గాయం, ఎడమ చిటికెన వేలు. చోటు, ప్యాకింగ్ హాలు. 'హాలు కాదయ్యా, ప్లాంటు ప్యాకింగ్ హాలు అని రాయి' అని దిద్దించారు. సమయం, పదిన్నర.

'హోదా' అన్న గడి దగ్గర శ్యామ్ సుందర్ పెన్ను ఆగిపోతే, ఆంజనేయులు గారు రిజిస్టరు తన వైపు తిప్పుకుని, బాగున్న చేత్తో తనే రాశారు: యజమాని.