చిల్లుల అట్ట

"నూటికి పదకొండు! రేపట్నుంచి క్రేన్ ఎక్కొద్దు, గేటు దగ్గర డ్యూటీ. ఇక్కడ సంతకం పెట్టమ్మా," అన్నాడు పరీక్షల ఆఫీసరు.

"చచ్చినా పెట్టను," అంది క్రేనక్క. ఇరవై రెండేళ్లుగా అంత ఎత్తున కూర్చుని ఓడల్లోంచి ఇనుప పెట్టెలు దించుతున్న మనిషి. ఒక్క పెట్టె జారలేదు. అలాంటి మనిషికి ఏకాగ్రత లేదని ఒక కాగితం తేలిస్తే ఒళ్లు మండదూ! "మళ్లీ పెట్టండి పరీక్ష."

పెట్టాడు. వంద వరసలు, వరసకి ఎనిమిది బొమ్మలు. తేడాగా ఉన్న బొమ్మ కింద గడి నల్లగా నింపాలి. నింపింది. ఆయన కాగితం మీద, సరైన జవాబుల చోట చిల్లులు పొడిచిన అట్ట పరిచి, చిల్లుల్లోంచి కనిపించిన నల్ల గడులు లెక్కపెట్టాడు. మళ్లీ పదకొండే.

"చూశావా? రెండుసార్లూ ఒకటే మార్కు. పరీక్షంటే అదీ! నమ్మి తీరాలి."

"మా ఇంట్లో గడియారమూ అంతే సార్. ఎప్పుడు చూసినా సరిగ్గా గంట వెనకే. మాట తప్పదు."

గుమ్మంలో నిలబడ్డ తోటి ఆపరేటర్లు కిసుక్కుమన్నారు. పొద్దున్నే ఇదే పరీక్ష తప్పి కూర్చున్న బాపతు వాళ్లంతా.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!" ఆఫీసరు గొంతు లేచింది. "నా ఉద్యోగానికి నలభై మంది ఈ పరీక్షే రాశారు. ఈ అట్టతోనే దిద్దారు. నెగ్గింది నేనొక్కణ్ణే. తొంభై నాలుగు!"

క్రేనక్క కాగితం మీదికి వంగింది. "సార్, ఈ పై వరస నమూనా కదా? జవాబు మీరే అచ్చేశారు. మరి దాని మీద చిల్లు లేదేం? మీ జవాబూ తప్పేనా?"

ఆమె అట్ట అందుకుని తలకిందులుగా పెట్టింది. 'పైభాగం' అని అంటించిన చీటీ అడుక్కి పోయింది. నమూనా గడి చిల్లులోంచి నల్లగా కనిపించింది. దాని కింద ఆమె నింపినవి, వరసగా. తొంభై ఏడు!

గుమ్మంలో ఈలలు మోగాయి. ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు. "చీటీ ఎవరో తప్పు వైపు అంటించినట్టున్నారు. పొరపాటు. అందరివీ మళ్లీ దిద్దుతాలే, వెళ్లండి."

క్రేనక్క కదల్లేదు.

"తలకిందుల అట్టతో దిద్దితే, బొమ్మలు చూసి రాసినవాళ్లకి పదో పదకొండో వస్తాయి సార్. మీకు తొంభై నాలుగు వచ్చాయంటే, పరీక్షకి ముందే ఈ అట్ట మీ చేతికి ఎవరిచ్చారు?"