మూడో ముడికి ఎర్రకారు

“తొందరగా పెట్టు బైరప్పా. చల్లారితే మళ్లా కొలిమిలో కాల్చాల.”

సాయానికొచ్చిన బైరప్ప ఎర్రగా కాలిన రివెట్టును పట్కారుతో తీసి రంధ్రంలో దూర్చాడు. మునినారాయణ సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. పాత బండి చక్రం నుంచి తీసిన ఇనుప పట్టీ, కారు కింది చట్రానికి గట్టిగా అతుక్కుంది.

పెరట్లో నాలుగు రాళ్ల మీద కూర్చుని ఉంది ఆ కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, పందేల్లో పరిగెత్తడానికి చేసిన బండి. బెంగుళూరులో ఒక దొర దేశం వదిలిపోతూ ఎవరికో ఇస్తే, చేతులు మారి మారి పాత సామాన్లమ్మే గుజరీ అంగడికి చేరింది. యుద్ధకాలంలో నాలుగేళ్లు అక్కడి మోటారు షెడ్డులో పనిచేసిన మునినారాయణ, దాన్ని చూసి మనసు ఆపుకోలేక లారీలో వేయించుకుని బాగేపల్లికి తెచ్చాడు. వేరుశనగ పండించేవాడికి పందెం కారెందుకని ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్లకు జవాబు చెప్పే తీరిక ఇప్పుడాయనకు లేదు. ఆదివారం పొద్దెక్కేసరికి కారు చాకవేలులో ఉండాలి.

దీనికంతటికీ మూలం ఆయన భార్య చెన్నమ్మ అన్న ఒక మాట. మూడేళ్ల కిందట ఆమె చాకవేలులో పుట్టింటి ముందు ఎద్దుల బండి దిగింది. చింతామణి నుంచి మొగుడు రామచంద్రప్ప ట్యాక్సీలో అప్పుడే వచ్చిన చెల్లెలు హనుమక్క, అందరి ముందరా అడిగేసింది.

“ఇంకా ఎద్దుల బండేనా అక్కా? పొద్దున బయలుదేరి ఇప్పుడా వచ్చేది?”

అందరూ నవ్వారు. చెన్నమ్మకు ముక్కు మీదే కోపం. “ఇంకోసారి ఈ ఊళ్లో దిగితే కారులోనే దిగుతా. లేకుంటే దిగనే దిగను,” అనేసింది. అన్నదాన్ని పట్టుకుని మూడేళ్లుగా పుట్టింటి గడప తొక్కలేదు.

ఇప్పుడు తమ్ముడు ఆంజనప్ప పెళ్లి. వాళ్లలో పెళ్లికొడుకు రెండు ముళ్లే వేస్తాడు, మూడో ముడి అతని పెద్దక్క వేయాలి. పిలవడానికి తమ్ముడే వచ్చాడు.

“ముడి నువ్వే వెయ్యాలక్కా. నువ్వు రాకుంటే చిన్నక్క వేస్తాది. అమ్మ నిన్నే తలుచుకుంటాండాది. రామచంద్రప్ప బావ ట్యాక్సీ పంపిస్తానంటాండాడు.”

“వాళ్ల కారెక్కి వాళ్ల ముందరే దిగేదా? నేను రాను పో.”

తమ్ముణ్ని పంపేసి, వంటింట్లో గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. మునినారాయణ అది చూశాడు. మర్నాడే పెరట్లో కొలిమి రాజేశాడు.

శుక్రవారం చెన్నమ్మ మజ్జిగ తెచ్చి కారు పక్కన నిలబడింది. “అయితాదా?”

“చట్రాన్ని తుప్పు తినేసినాది. పక్కలకి పట్టీలేసి పెట్టెమాదిరి మూసేస్తాండా. ముందరి అడ్డకమ్మి ఇంకా మందంగా ఉండాల. లాగే భారమంతా దాని మీదే.”

“దారిలో ఎండకి నిలబడిపోతే?”

“నీళ్లు తాపి, కాసేపు నీడలో పెట్టి మళ్లా పోదాం.”

“దొర ఉన్నప్పుడు దీనికి నలభై గుర్రాల బలమంటన్నా,” అన్నాడు బైరప్ప.

“అంత మనకెందుకు? పోయేది పెళ్లికి, పందేనికి కాదు.”

చెన్నమ్మ నవ్వింది. ఆ నవ్వు విని వారం దాటింది. మునినారాయణ చేతిలో సుత్తి తేలికైంది.

శనివారం చక్రాలు తగిలించారు. సీట్ల మీద ఆరు మూటల వేరుశనగ పెట్టి, పైన బైరప్పను ఎక్కించి గెంతమన్నారు. చట్రం కిర్రుమనలేదు. కారంతా ఎర్రరంగు వేశారు. డబ్బాలో కొంచెం మిగిలితే మునినారాయణ దాన్నీ వృథా పోనివ్వలేదు.

ఆదివారం తొలికోడి కూయగానే చెన్నమ్మ పట్టుచీర కట్టుకుంది. ముందరున్న రెండింటికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి కారెక్కింది. కారు కదిలింది.

దారిలో ఒక లారీ డ్రైవరు బండి ఆపి మరీ చూశాడు. బస్సు దాటిపోతుంటే కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. చెన్నమ్మ మహారాణిలా నిటారుగా కూర్చుంది. ఒకచోట ముందు చక్రం గుంతలో పడి లేచింది. మునినారాయణ వంగి కిందికి చూశాడు. ఒక్క రివెట్టూ కదల్లేదు. రెండుచోట్ల ఆగి నీళ్లు పెట్టారు.

చాకవేలు వీధి మొదట్లో ఆయన రబ్బరు హారన్ నొక్కాడు. పిల్లలు, పెద్దలు, మేళంవాళ్లు అందరూ వీధిలోకి వచ్చేశారు. పెళ్లికొడుకు బాసికంతోనే పరిగెత్తుకొచ్చాడు. హనుమక్క పందిట్లోంచి వచ్చి కారును ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

“బాగా చూడు. కారా, కాదా?” అంది చెన్నమ్మ, దిగకుండానే.

హనుమక్కకు నవ్వు పొంగుకొచ్చింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. “కారేనక్కా. ఎవురు కాదన్నారు? నా నోటి దూలకి మూడేండ్లు నిన్ను చూడకుండా పోతి. దిగు తల్లీ, ముహూర్తం దాటిపోతాది,” అంటూ తనే తలుపు తీసి చెయ్యి అందించింది.

అక్కాచెల్లెళ్లు చేతులు పట్టుకుని పందిట్లోకి నడిచారు. ముసలి తల్లి రెండు చేతులూ చాచి ఎదురొచ్చింది. మేళం మోగింది.

మునినారాయణ దిగి, కారు ముందర కట్టిన కాడి ఎత్తి, ఎర్ర కొమ్ముల ఎద్దుల్ని విప్పాడు.