ఎడమచేతి చుట్టు

"మరీనోస్ ఉన్నాడా?"

గుమ్మంలో ఓ ముసలాయన. శాంతొరీని దీవి గాలికి టోపీ ఎగిరిపోకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"నాన్న పోయి ఏడాదైంది తాతా," అంది అనెజీనా.

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మరి కింది మడి ఎవరు చూస్తున్నారు? నాకా పని వచ్చు."

ఎవరూ లేరు. అదే ఆమె దిగులు. ఆ మడిలో అసిర్తికో ద్రాక్షతీగలు ముత్తాతలనాటివి. గాలికి తట్టుకునేలా నేలమీద వాటిని బుట్టల్లా చుట్టింది మాత్రం తన చేతులేనని నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు. వాళ్ళ తెల్ల వైనంతా ఆ మడిదే. దాన్ని కొనేసి హోటల్ కడదామని అడిగేవాళ్ళు వారానికొకరు.

"ఒక్క తీగ చుట్టి చూపించు," అంది.

చకచకా చుట్టేశాడు.

"అచ్చం నాన్న చుట్టే! ఊళ్ళో అందరూ కుడివైపు తిప్పుతారు. నువ్వూ ఎడమవైపే తిప్పావే!"

"నాది ఎడమచెయ్యి అమ్మాయ్," అని నవ్వాడు.

పనిలో పెట్టుకుంది.

మూడోరోజు పొద్దున్నే పక్కతోట ఫ్లోరోస్ పరుగెత్తుకొచ్చాడు.

"అనెజీనా, కొంప మునిగింది! మీ ముసలాడు బుట్టలన్నీ మొదలంటా నరికేశాడు. హోటలోళ్ళ మనిషేమో!"

వెళ్ళి చూసింది. మొన్న చుట్టిన ఆ ఒక్కటీ తప్ప మిగిలినవన్నీ మోళ్ళు. గట్టున ముసలాయన కత్తి తుడుచుకుంటున్నాడు. ఇంట్లో అన్నం పెట్టి, నాన్న వైన్ చేతికిస్తే ఇదా చేసేది!

"ద్రోహీ! ఎంతిచ్చారు నీకు?"

"బుట్టలు ముసలివైపోయాయమ్మా. వేరు గట్టిది. ఏప్రిల్ దాకా ఆగు..."

"ఫో ఇక్కణ్ణుంచి!"

ఆయన కత్తి సంచిలో పెట్టుకున్నాడు.

"ఈ తోటలో ఆ మాట పడటం నాకిది రెండోసారి," అని రేవుకి నడిచి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆమె చెవికెక్కితే కదా.

ఏప్రిల్‌లో ప్రతి మోడూ చిగురించింది. ఒకటీ రెండూ కాదు, మోడుకి అయిదారు చిగుళ్ళు!

అనెజీనా రేవుకి పరుగెత్తింది. ఎవరిని అడగాలి? ఏమని అడగాలి? పాపిష్టిది, పేరైనా కనుక్కోలేదు.

తిరిగొచ్చి మడి గట్టున కూలబడింది. నరికిన పాత బుట్టలు గోడవార పడి ఉన్నాయి. అన్నీ ఎడమవైపు చుట్టే. ఓ రెమ్మ తీసుకుని అలా తిప్పబోయింది. కుడిచెయ్యి మాట వినలేదు.

పరుగున ఇంటికెళ్ళి వైన్ సీసా అందుకుంది. లేబుల్ మీద నాన్న ఫొటో, రోజూ చూసేదే.

నవ్వుతూ నిలబడ్డ నాన్న చేతిలో తీగ కత్తిరించే కత్తి ఉంది, కుడిచేతిలో.