పెద్దబావి పూడ్చవద్దు

పంచాయతీ ప్రెసిడెంటుగారికి, రైలుకట్ట అవతలి పేట నుంచి సారమ్మ రాయిస్తున్న కార్డు.

సాగరు డ్యాము లారీలకు రోడ్డు ఇరుకైందని పెద్దబావి పూడ్చేస్తున్నారట. నిన్న మంగళవారం గట్టు పక్కన రెండు బండ్ల మట్టి తోలారు.

నలభై ఏళ్ళుగా ఆ నీళ్ళే తాగుతున్నాను. ఎండాకాలంలో ఎంత లోతుకు పోతాయో, ఏ నెలలో ఉప్పన తగులుతుందో మీ ఇంజనీరు కంటే నాకే బాగా తెలుసు.

మీ మేస్త్రీని అడ్డుకుంటే నవ్వాడు. "చేద లాగే ఓపిక నీకేడుందే ముసలీ? పక్కకు జరుగు."

ఈ కార్డు రాస్తున్న జక్కయ్య పంతులు కూడా కలం ఆపాడు. "పెద్దమ్మా, వీధికో కుళాయి వేస్తన్నారు గదా! ఇంక బావెందుకు?"

"నువ్వు పంతులివిరా, ప్లీడరువి కాదు. చెప్పింది రాయి" అన్నాను. ఆ మాట కూడా రాయించాను.

కుళాయి వేయండి, వద్దనను. బావి మాత్రం ఉండాలి.

నలభై ఏళ్ళు ఆ గట్టు కింద కడవ పెట్టుకుని, "అమ్మా, ఓ చేద పొయ్యండమ్మా" అని వచ్చినవాళ్ళనల్లా అడుక్కున్నాను. మా పేటవాళ్ళు చేద ముట్టుకుంటే బావి మైలపడుతుందన్నారు. చట్టం వచ్చింది. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక పోలీసులు పక్కన నిలబడితే మొదటిసారి గట్టెక్కి, నా చేత్తో ఒక్క కడవ తోడుకున్నాను.

ఆదివారం మేం గట్టెక్కాం. మంగళవారానికి మీకు రోడ్డు ఇరుకైపోయింది.