దిగులు పట్టీ

గుంటూరు హాస్టల్లో మేదిని మణికట్టు మీది దిగులు పట్టీ ఎర్రబడింది. అందరి చేతికీ ఉండే ఆ పట్టీ, దిగులు ముదిరితే ఎర్రబడుతుంది. ఎర్రపట్టీ కనబడితే తనిఖీవాళ్లు విశ్రాంతి భవనానికి తీసుకెళ్లిపోతారు. అక్కడినుంచి ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు. ఎవరితోనైనా మాట్లాడితే రంగు మారుతుందేమోనని ఆమె పక్కగది సలోమి తలుపు తట్టింది.

“పోవే తల్లీ! నీతో మాట్లాడితే నాదీ ఎర్రబడుద్ది. నవ్వులాట వీడియోలు చూసుకో.”

“చూశానే. ఏడుపొచ్చింది.”

లోపల సలోమి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కాస్తా వెక్కిళ్లయింది. తలుపు తెరుచుకుంది. ఆమె చేతికి చుట్టిన చున్నీలోంచి ఎర్రటి వెలుగు కనిపించింది.

“వారమైందే, దాచుకుని చస్తన్నా.”

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. సలోమి ఆమెను లోపలికి లాగి గడియపెట్టి, అదే చున్నీ ఇద్దరి చేతులకూ కలిపి చుట్టింది.

బూట్లు ఆ తలుపు ముందే ఆగాయి.