ఏడాది పూచీ

మెకానిక్ రసూల్ చిన్న కారు కింద నుంచి బయటికొచ్చి, పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అరవై రెండు మోడలండి. ఇంజను ఫర్లేదు, గేర్‌బాక్సే అరిగింది. ఏడాది తిరుగుతుంది. ఆపైన నేను పూచీపడను."

ప్రమీలారాణి లోలోపల నవ్వుకుంది. ఇక బేరం తెగిపోయినట్టే. గొడుగు కొన్నా పదేళ్ళు ఆగుతుందా అని కొట్టువాణ్ణి ఏడిపించే మనిషి ఆమె భర్త వీరరాఘవయ్య.

"వారం వారం మా ఆవిణ్ణి బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దారిలో ఆగదుగా?" అన్నాడాయన.

"ఏడాదిలోపు ఆగదండి."

"అయితే చాలు. తీసుకుంటా."

ఆమెకు నవ్వు పోయింది. పోయినవారం డాక్టరు ఆయన్నొక్కణ్ణే గదిలోకి పిలిచాడు. బయటికొచ్చి, "రక్తం తక్కువట, అంతే" అన్నాడాయన.

"ఏడాది చాలన్నాడా డాక్టరు?" అని మెల్లగా అడిగింది.

వీరరాఘవయ్య కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె వైపు చూడలేదు.

"కూర్చుని చూడు రాణీ, సీటు మెత్తగా ఉందో లేదో."

ఆమె కూర్చుంది.

"బాగానే ఉంది. కారు అమ్మే ఆయనతో బేరం మాత్రం గట్టిగా ఆడండి. ఆయన అడిగినంతా మీరు ఇచ్చేశారంటే, నా సంగతి మన తిరువూరంతా తెలిసిపోతుంది."