ఐదుగురి అంచనా

"అమ్మకు బావా! ఇప్పుడు అమ్మినవంటే జన్మంత ఏడుస్తవ్!"

అంటూనే ఉమాకాంత్ కంప్యూటర్ తెరను బావ వైపు తిప్పాడు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో, మందుల షాపు పైన ఉన్న ఆ రెండు గదుల షేర్ల ఆఫీసు అతనిదే. విద్యాసాగర్ అతని అక్క మొగుడు. కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు, ఇల్లు అశోక్‌నగర్‌లో. ఉద్యోగం పోయినా ఆఫీసుకెళ్ళే జబ్బు పోలేదాయనకు. రోజూ టిఫిన్ కాగానే వచ్చి బావమరిది ఆఫీసులో కూలబడేవాడు. వచ్చిన ప్రతివాడికీ అడిగినా అడక్కపోయినా ఓ సలహా పారేసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయేవాడు.

2012 మే నెలలో ఆ రోజు మాత్రం నిజంగా పని మీదే వచ్చాడు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా ఒక పైపుల కంపెనీ షేర్లలో పెట్టాడు. ఇప్పుడవి అమ్మాలి. నారాయణగూడ మార్కెట్ వెనక సందులో ఒక హాలు అద్దెకు తీసుకుని ఆయన భార్య అరుంధతి ఏళ్ళుగా ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతోంది. ఓనరు దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఈ వారంలో బయానా ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు.

"మీ అక్కకు మాటిచ్చిన ఉమా. ఆ హాలు పోతే అది బతకది" అన్నాడు విద్యాసాగర్.

"కొనియ్యి, ఎవరొద్దన్నరు? రెండు గంటలకు కంపెనీ రిజల్ట్స్ వస్తున్నయ్. ఆ తర్వాత అమ్ము. హాలేంది, దాని మీది అంతస్తు గూడ కొనొచ్చు. నా మాట నమ్మకు, ఇగో ఇది చూడు."

తెర మీద బారెడు షీటు. వరసగా కంపెనీల పేర్లు. ఒక్కో పేరు పక్కన, ఈ ఏడు షేరుకు ఎంత లాభం వస్తుందని ఏ అనలిస్టు అంటున్నాడో ఆ అంకెలు. చిట్టచివరి గడిలో వాటి సగటు. ఫార్ములాలు పెట్టి ఆ షీటును కంటికి రెప్పలా చూసుకునేది కుసుమ, అంబర్‌పేట్ నుంచి వచ్చి ఆ ఆఫీసులో పనిచేసే అమ్మాయి. నెలనెలా ఆ షీటును బొంబాయి దాకా తెలిసినవాళ్ళందరికీ మెయిల్ కొట్టించడం ఉమాకాంత్‌కు అదో గొప్ప.

"కుసుమా, మా బావకు జర సమజ్ చెయ్."

"ఐదుగురు అంచనా ఇచ్చిండ్రు అంకుల్" అంది కుసుమ. "అందరికన్న ఎక్కువ చెప్పినాయన పద్దెనిమిదిన్నర. తక్కువ చెప్పినాయన పదిహేడున్నర. సగటు పద్దెనిమిది రూపాయలు. పోయినేడు లాభం పన్నెండే."

విద్యాసాగర్‌కు ఒళ్ళంతా పులకరించింది. ఒకడంటే పొరబడతాడు. పొద్దస్తమానం ఇదే పనిగా బతికే ఐదుగురు, ఒకరి మొహం ఒకరు చూసి ఎరగనివాళ్ళు, కూడబలుక్కున్నట్టు ఒకే మాట అంటే ఇంకేం కావాలి? పైగా ఆ అంకె ఎందుకో చూడగానే చుట్టంలా అనిపించింది.

ఫోన్ మోగింది. అరుంధతి.

"అమ్మిండ్రా? ఓనరు మళ్ళ ఫోన్ జేసిండు. నాకు కాళ్ళు చేతులు ఆడ్తలేవు."

"అయిపోయినట్టే. నువ్వు పరేషాన్ గాకు, నేనున్న గద!"

ఒక్క షేరు కూడా అమ్మలేదు ఆ మహానుభావుడు. ఫోన్ జేబులో పెట్టుకుని, పైఅంతస్తులో ఎన్ని మిషన్లు పడతాయో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు.

రెండు దాటగానే రిజల్ట్స్ వచ్చాయి. షేరుకు లాభం రూపాయిన్నర.

విద్యాసాగర్ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. రూపాయిన్నరే. ఆయన నోరు తెరిచేలోగా ధర కుప్పకూలింది. ఉమాకాంత్ బావ షేర్లన్నీ అమ్మకానికి పెట్టాడు. అమ్మేవాళ్ళు వేలమంది, కొనేవాడు ఒక్కడు లేడు. ఫోన్ మళ్ళీ మోగింది. అరుంధతి పేరు చూసి ఆయన ఎత్తలేకపోయాడు.

"అయ్యో అక్కా" అని ఉమాకాంత్ తల కొట్టుకున్నాడు. తర్వాత ఆ దుఃఖమంతా కోపమై, అంచనా ఇచ్చినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళకు దూరంగా పోతే నవ్వుతారని ఆ దగ్గర్లోనే ఓ అంకె వేశానన్నాడు ఒకడు. ఇంకొకడూ అదే పాట. అందరూ చూపించింది మొట్టమొదట అంచనా ఇచ్చిన బొంబాయి ఆయన్నే.

ఆ బొంబాయి ఆయన మాత్రం ఏమాత్రం తొణక్కుండా హిందీలో చెప్పాడు. ఆ చిన్న కంపెనీ గురించి మాకేం తెలుసు, మీ హైదరాబాద్ షీటులో సగటు పద్దెనిమిది అని ఉంటే నమ్మి అదే వేసుకున్నాం, అన్నాడు.

ఉమాకాంత్ ఫోన్ పెట్టేసి కుసుమ వైపు తిరిగాడు. "మన షీటా? వీళ్ళకంటే ముందు మనకెవరిచ్చిండ్రు ఆ అంకె?"

కుసుమ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఎవ్వరియ్యలే సార్. ఆ కంపెనీ మీద అప్పటికి ఒక్కరి అంచనా గూడ లేకుండె. గడి ఖాళీగుంటే సగటు కాడ ఎర్రర్ వస్తుండె. దాంతోని కింద టోటల్ గూడ ఖరాబైతుండె. మెయిల్ పంపే టైమయింది, మీరేమో బయటికి పోయిండ్రు. పక్కన కూసున్నోళ్ళను ఏదన్న ఒక అంకె చెప్పమన్న. పద్దెనిమిది అన్నరు. తర్వాత తీసేద్దామనుకొని మర్శిపోయిన."

విద్యాసాగర్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఆయన అంత గట్టిగా అరవడం ఆ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఎవడు వాడు? నోటికొచ్చిన అంకె జెప్పి నా పెండ్లాం నోట్ల మన్ను గొట్టిండు! పేరు జెప్పు, ఇప్పుడే పోయి గల్లా పట్టుకుంట!"

కుసుమ ఉమాకాంత్ వైపు చూసింది, తలుపు వైపు చూసింది, ఇక తప్పక ఆయన వైపు చూసింది.

"మీరే అంకుల్."